చావు లేనివాడి చావు

ఇవాళ మాట్లాడబోయేది చావు గురించి. కంగారు పడకండి, మీ చావూ నా చావూ కాదు. తమకు చావే లేదని చెప్పుకునేవాళ్ల చావు. మన పురాణాల్లో అసురులు, రాక్షసులు ఉన్నారు. ఇప్పటి పిల్లల ఫోన్లలో, కంప్యూటర్లలో కొమ్ములు పెట్టుకుని నిప్పులు కక్కుతూ తిరిగే దెయ్యాల రాజులున్నారు. వీళ్లు చస్తారా? చస్తే ఎక్కడికి పోతారు? పోయినవాడు మళ్లీ వస్తే దాన్ని చావు అనొచ్చా?

ఉమ్మడి అనంతపురం జిల్లా ముదిగుబ్బలో కూచుని ఇదేం ప్రశ్న అంటారేమో. పక్క చేలో చెనిక్కాయ వాడిపోతుంటే వీడికి రాక్షసుల గోల ఎందుకని అడిగేవాళ్లు మా ఊళ్లో తప్పకుండా ఉంటారు. కానీ ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. ఇటు ముప్పై కిలోమీటర్లు పోతే కదిరి. అక్కడ నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీలుస్తూనే ఉన్నాడు, పక్కన ప్రహ్లాదుడు నిలబడి చూస్తూనే ఉన్నాడు. అటు ధర్మవరం వైపు పోతే నిమ్మలకుంట. అక్కడ తోలుబొమ్మల రావణుడు తరతరాలుగా చస్తూ లేస్తూ ఉన్నాడు. చావు లేనివాడి చావు మాకు ఇరుగుపొరుగు వ్యవహారమే.

ముందు ఆటల సంగతి చెబుతాను. 1974లో అమెరికాలో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, పాచికలు, చుట్టూ నలుగురు మనుషులు ఉంటే చాలు, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు ఆడతారు. ఈనాటి రాక్షసుల ఆటల్లో చాలావాటి కట్టుబాట్లు అక్కడినుంచి వచ్చినవే. ఆ కథల్లో దెయ్యాలకు అబిస్ అని సొంత లోకం ఒకటుంది. అక్కణ్ణుంచి ఒక దెయ్యం మనుషుల లోకంలోకొచ్చి నానా బీభత్సం చేస్తుంది, వీరులు దాన్ని నరుకుతారు, ఒళ్లు కరిగిపోతుంది. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటే. అది తన లోకంలో మళ్లీ ఒళ్లు కూడదీసుకుని లేస్తుంది. దాన్ని నిజంగా చంపాలంటే దాని ఇంటికే పోయి చంపాలి.

'వార్‌క్రాఫ్ట్' అనే ఆటలోనూ ఇదే లెక్క. అందులో ఆర్కిమాండ్ అనే దెయ్యాల సేనాపతి ఉన్నాడు. 2002లో వచ్చిన మూడో ఆట చివర్లో ఒక మహావృక్షం దగ్గర వాణ్ణి మట్టుపెట్టారు. ఆడినవాళ్లు పీడ విరగడైందనుకున్నారు. 2015లో మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. అదేమని అడిగితే, దెయ్యం చచ్చినప్పుడు దాని ప్రాణం ట్విస్టింగ్ నెదర్ అనే శూన్యలోకానికి పోతుంది, ఆ లోకంలో చంపితేనే చచ్చినట్టు అని జవాబు.

ఈ పద్ధతి ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. రెండో ఆట అమ్మాలంటే మొదటి ఆటలో చచ్చినవాడు తిరిగి రావాలి. పేరున్న విలన్‌ను ఊరికే పోగొట్టుకోవడం ఏ వ్యాపారికీ ఇష్టముండదు. అయితే వ్యాపారం కోసం పెట్టిన నియమం కథలో ఒక చిక్కు తెచ్చిపెట్టింది. చంపినా చావనివాణ్ణి చంపడంలో అర్థమేముంది? వీరుడు అన్ని గంటలు పోరాడి సాధించిందేమిటి? వాణ్ణి ఇంటికి పంపడం. అదీ దారిఖర్చు లేకుండా.

ఈ చిక్కును గట్టిగా పట్టుకున్నది 'డయాబ్లో' అనే ఆట, 1996 నాటిది. వీరుడు పాతాళం అట్టడుగుకు దిగి రాక్షసుణ్ణి ఓడిస్తాడు. రాక్షసుడి ప్రాణం ఒక రాయిలో ఉంటుంది. ఆ రాయిని పారేస్తే వాడు మళ్లీ లేస్తాడని భయపడి, తన లోపలే బంధించి ఉంచుదామని, వీరుడు దాన్ని తన నుదుట్లోనే పొడుచుకుంటాడు. ఆట అక్కడితో ముగుస్తుంది. 2000లో రెండో ఆట వచ్చేసరికి ఆ వీరుడే రాక్షసుడై ఊళ్లు పట్టి తిరుగుతున్నాడు. నేను విన్న ఆటల కథలన్నిటిలో నాకు నచ్చిన చావు ఇదొక్కటే. రాక్షసుడి చావు బరువు ఎవరో ఒకరి నెత్తిన పడింది కాబట్టి నచ్చింది.

ఇక మన కథలకు వద్దాం. వాళ్ల దెయ్యాలకూ మన అసురులకూ మొదట్లోనే ఒక పెద్ద తేడా ఉంది. ఆటల్లో దెయ్యాలు పుట్టుకతోనే చావులేనివి. మన అసురుడికి ఆ భాగ్యం లేదు. వాడు తపస్సు చేసి సంపాదించుకోవాలి, అప్పుడు కూడా పూర్తిగా దక్కదు. రామాయణం ఉత్తరకాండలో రావణుడు బ్రహ్మను అమరత్వమే అడిగాడు. బ్రహ్మ కుదరదన్నాడు, ఇంకేదైనా కోరుకోమన్నాడు. నిజానికి బ్రహ్మకే ఆయుష్షుకు లెక్కుంది, తన దగ్గర లేనిది ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? అప్పుడు రావణుడు జాబితా చదివాడు. దేవతలు, దానవులు, యక్షులు, నాగులు, వీళ్లెవరి చేతిలోనూ చావు వద్దు. మనుషుల్ని ఆ జాబితాలో చేర్చనేలేదు. గడ్డిపోచల్లాంటివాళ్లు, వాళ్లతో ఏమవుతుందనుకున్నాడు.

హిరణ్యకశిపుడు అంతకంటే గడుసువాడు. ఏ సందూ వదలకుండా అన్నీ రాయించుకున్నాడు. ఇంట్లో వద్దు, బయట వద్దు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి వద్దు, మృగం వద్దు, ఆయుధం వద్దు. దస్తావేజు రాసినవాడు ఎంత తెలివైనవాడైనా రెండు పదాల మధ్య ఖాళీ వదలక తప్పదు కదా. ఇంటికీ బయటికీ మధ్య గడప ఉంది. పగటికీ రాత్రికీ మధ్య సందె ఉంది. నేలకూ ఆకాశానికీ మధ్య తొడ ఉంది. అక్కడ కూచుంది చావు. వాడి వరాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఒక్క షరతూ దాటలేదు. వరం వరంగానే ఉంది, వరం తీసుకున్నవాడు పోయాడు. ఏటా పున్నమి తిరణాలకు కదిరి రథం కదిలినప్పుడు దవనం, మిరియాలు చల్లే జనంలో నిలబడి ఈ సంగతే తలుచుకుంటుంటాను. ఇంత పకడ్బందీగా రాయించుకున్న పత్రం ఓడిపోయినందుకు జరిగే పండగ ఇంకెక్కడైనా ఉందా అని.

చచ్చి లేచే ఏర్పాటు మనవాళ్లకు లేదనుకోకండి. దాన్ని ఆటలవాళ్లకంటే ముందే, పెద్ద ఎత్తునే నడిపారు. శుక్రాచార్యుడి మృతసంజీవని విద్య అదే. యుద్ధంలో ఎంతమంది అసురులు పడ్డా సాయంత్రానికి గురువు లేపి నిలబెడతాడు. దేవతల వైపు చచ్చినవాడు చచ్చినట్టే. ఇలాంటి పోరులో గెలుపుకు అర్థం లేదు. అందుకే బృహస్పతి కొడుకు కచుణ్ణి ఆ విద్య నేర్చుకుని రమ్మని పంపారు. నన్నయ ఆదిపర్వంలో ఉన్న కథే. అసురులు కచుణ్ణి చంపితే, కూతురు దేవయాని ఏడుపు చూడలేక శుక్రుడు బతికించాడు. చివరికి వాళ్లు కచుణ్ణి కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఇప్పుడు కచుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. శుక్రుడు లోపలున్న శిష్యుడికి విద్య నేర్పాడు. శిష్యుడు పొట్ట చీల్చుకుని వచ్చి, చచ్చిన గురువును అదే విద్యతో లేపాడు. చూశారా, ఒకర్ని బతికించాలంటే ఇంకొకరు చావాల్సి వచ్చింది. ఆటల్లో మీట నొక్కితే లేచే లేవడం కాదిది.

వాతాపి సంగతి మీకు తెలిసిందే. తమ్ముడు వాతాపి పొట్టేలవుతాడు, అన్న ఇల్వలుడు దాన్ని కోసి వండి అతిథికి పెడతాడు, భోజనమయ్యాక పేరు పెట్టి పిలుస్తాడు. వాతాపి అతిథి కడుపు చీల్చుకుని నవ్వుతూ వస్తాడు. ఎన్నిసార్లు కోసినా చావనివాడు, చావడమే వృత్తిగా పెట్టుకున్నవాడు. వాణ్ణి అగస్త్యుడు ఏ ఆయుధంతో చంపాడు? కడుపు నిమురుకున్నాడు, అరిగిపోయాడు పొమ్మన్నాడు. ఇప్పటికీ మన ఇళ్లలో పసిపిల్లకు పాలు పట్టాక అవ్వలు పొట్ట రాస్తూ వాతాపి జీర్ణం అంటారు. లోకంలో ఇన్ని రాక్షస సంహారాలున్నాయి గాని, రోజూ ఇంటింటా పనికొచ్చేది ఇదొక్కటే.

ప్రాణాన్ని ఒంట్లో పెట్టుకోకుండా వేరే చోట దాచే రకం ఇంకోటి ఉంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. ఆ కథను జెమినీ వాళ్లు 1942లో సినిమా తీశారు, కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే ఆ ఫకీరే. పాశ్చాత్య ఆటల్లో లిచ్ అని ఒక చచ్చిన మంత్రగాడు వస్తాడు, వాడి ప్రాణం ఒక పెట్టెలో ఉంటుంది, పెట్టె పగిలేదాకా వాడు లేస్తూనే ఉంటాడు. పెట్టెకంటే చిలకే నయమని నా అభిప్రాయం. పెట్టె అలిసిపోదు, ఆకలనదు. చిలక ప్రాణి. చావంటే భయపడి ప్రాణాన్ని తీసుకుపోయి, చావుండే ఇంకో ప్రాణిలోనే పెట్టాడు ఫకీరు. వాడి ఓటమి అక్కడే ఖాయమైపోయింది.

నిమ్మలకుంట గురించి చెప్పకుండా ఈ ప్రసంగం సాగదు. ధర్మవరం మండలంలో ఉన్న ఆ ఊరి కళాకారుల్లో ఒకరైన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, గీకి, వెలుతురు దూరేంత పలచన చేసి, బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. తెర మీద రావణుడి పది తలలూ ఊగుతుంటాయి, కింద చెక్కల మీద కాళ్లతో తన్నుతుంటే యుద్ధమంతా చెవిలో మోగుతుంది. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతులు మాట్లాడి పోతారు. తెల్లవారుజాముకు రావణుడు పడతాడు. ఆ బొమ్మనే చుట్టి మూటలో పెట్టి, ఇంకో ఊళ్లో ఇంకో రాత్రి మళ్లీ నిలబెడతారు. చావు లేని రావణుణ్ణి ఆడించేది చచ్చిన మేక తోలు. వాడి పౌరుషమంతా ఆడించేవాడి గొంతులోదీ వేళ్లలోదీ. ఇప్పుడు రాత్రంతా ఆట కట్టించే ఊళ్లు తగ్గిపోయాయి, ఆ చేతులు ఎక్కువగా దీపాల బుడ్డీలకు తోలు తొడుగులు చేస్తున్నాయి. శుక్రాచార్యుడి విద్యకు కూడా అందని చావు ఇది. ఆడేవాడుంటేనే రావణుడు లేచేది.

కంప్యూటర్ ఆటల్లోకి కూడా మన అసురుడు వచ్చాడు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అని ఆట విడుదల చేసింది. అందులో అసురుడే నాయకుడు, ఆడేవాడే అసురుడు. చస్తే ఆట మళ్లీ మొదటికొస్తుంది, దారులు కొత్తగా అమరుతాయి. చచ్చి పుట్టిన ప్రతిసారీ లోకం మారిపోయి ఉండటం మన పునర్జన్మ భావానికి దగ్గరగానే ఉంది. పరాయి దెయ్యాల్లాగా ఉన్నవాడు ఉన్నట్టే తిరిగి రావడం కంటే ఇది మేలు.

కానీ ఏ ఆటా ఇంకా అందుకోని మలుపు ఒకటుంది. మన పురాణాల్లో చంపమని అడిగే అసురులున్నారు. జయవిజయుల కథ చూడండి. వైకుంఠం ద్వారపాలకులు, సనకాది మునుల్ని వాకిట్లో అడ్డగించి శాపం తెచ్చుకున్నారు. జనంలో నిలిచిన కథ ప్రకారం స్వామి వాళ్లకు రెండు దారులు చూపాడు. భక్తులుగా ఏడు జన్మలు, లేదా శత్రువులుగా మూడు జన్మలు. వాళ్లు శత్రుత్వమే కోరుకున్నారు, తొందరగా ఇల్లు చేరొచ్చని. హిరణ్యాక్షుడు, హిరణ్యకశిపుడు. రావణుడు, కుంభకర్ణుడు. శిశుపాలుడు, దంతవక్త్రుడు. ఆటల దెయ్యం కూడా చచ్చి సొంత లోకానికే పోతుంది కదా అంటారేమో. పోతుంది, కోపంతో పోతుంది, మళ్లీ రావడానికి పోతుంది. జయవిజయులకు మాత్రం ఒక్కో చావుతో ఒక్కో మజిలీ తీరిపోతుంది. కదిరి గుళ్లో గోళ్లకింద ఉన్నవాడు ఓడిపోయినవాడా, మూడింట ఒక వంతు దూరం నడిచేసినవాడా, నేను తేల్చుకోలేకపోయాను.

వృత్రాసురుడి కథ దీనికన్నా చిత్రం. వేదంలో వృత్రుడంటే నీళ్లను అడ్డగించి పట్టుకున్నవాడు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, అదైనా పడాల్సినప్పుడు పడదు. వాన కోసం విరాటపర్వం చదివించిన ఊళ్లు, ఆడించిన ఊళ్లు ఇక్కడ ఎన్నో. అందుకని నీళ్లు దాచిన ఆ అసురుడి మీద మాకు ప్రత్యేకమైన ఆసక్తి. ఇంద్రుడు దధీచి ఎముకలతో చేసిన వజ్రాయుధం పట్టుకుని వాడి మీదికి పోయాడు. యుద్ధం మధ్యలో ఇంద్రుడి చేతిలోంచి వజ్రం జారి శత్రువు పాదాల దగ్గర పడింది. ఇంద్రుడికి సిగ్గేసి వంగలేకపోయాడు. తెలుగు భాగవతంలో ఆరో స్కంధం రాసినవాడు ఏర్చూరి సింగన, ఆ స్కంధంలోనే ఉందీ కథ. వృత్రుడు ఏమన్నాడో తెలుసా? ఇది విచారించే సమయం కాదు, ఆయుధం తీసుకుని నన్ను చంపు అన్నాడు. ఆ మెడ తెగడానికి ఏడాది పట్టింది. తెగాక ఆ ఒంట్లోంచి ఒక జ్యోతి వెడలి భగవంతుడిలో కలిసిపోయింది. సుఖంగా పోయినవాడు రాక్షసుడు. బ్రహ్మహత్య తరుముతుంటే తామరతూడులో దూరి దాక్కున్నవాడు దేవేంద్రుడు.

డయాబ్లో ఆటలో వీరుడి నుదుట దిగిన రాయి గురించి చెప్పాను కదా. ఇంద్రుడికి అలాంటి రాయి అంతకుముందే ఒకటి గుచ్చుకుని ఉంది. వృత్రుడికి విశ్వరూపుడని అన్న ఉండేవాడు. మూడు తలలవాడు, తల్లి అసుర కులం. దేవతలకు పురోహితం చేస్తూనే అమ్మ తరఫువాళ్లకు చాటుగా హవిర్భాగం ఇస్తున్నాడని ఇంద్రుడు వాడి మూడు తలలూ నరికాడు. పాపం చుట్టుకుంది. ఏడాది మోశాడు, ఆపైన తనవల్ల కాక నలుగురికి పంచాడు. చెట్లకు కొంత, అది జిగురైంది. నీళ్లకు కొంత, నురగైంది. స్త్రీలకు కొంత అని నెలసరిని అందులో కలిపారు. ఆ వాటా నాకెప్పుడూ మింగుడు పడలేదు, చంపిన దేవుడు దర్జాగా ఉంటే ఇంట్లో ఆడమనిషికి ఎందుకీ బాకీ?

మిగిలిన వాటా భూమిది. భూమి తీసుకున్న ఆ పాపమే చౌడు నేలై కనిపిస్తోందని పురాణం. మా ముదిగుబ్బ మండలంలోనూ తెల్లగా పొక్కి, విత్తు వేస్తే మొలక రాని నేలలున్నాయి. మన ప్రమేయం లేని తగాదాలో, మనం చూడని మూడు తలలు తెగినందుకు, బాకీ కడుతున్న నేలలన్నమాట.

పాపం తీసుకున్నందుకు ఇంద్రుడు భూమికి ఒక వరం కూడా ఇచ్చాడు. తవ్విన గుంత తనంతట తానే పూడుకుంటుందని. మా పక్క మిగతా వరాలు ఎలా ఉన్నా, ఆ ఒక్కటి మాత్రం ఏ లోపమూ లేకుండా నెరవేరుతోంది. కావాలంటే వచ్చి మా చెరువుల్లో పూడిక చూడండి.